పిలిస్తే పలికే కెప్టెన్ గారు

విమానం దిగేటప్పుడు మాట్లాడేవాళ్ళంటే నాకు అసహ్యం. పెద్ద విమానాల్లో వెనక కూర్చుని పక్కవాళ్ళతో కబుర్లాడే ప్రయాణికుల గురించి కాదు నేను చెప్పేది. వాళ్ళకీ పైలట్‌కీ మధ్య తలుపుంటుంది, దానికి గడియ ఉంటుంది. నేను నడిపేవి ఆరుగురు పట్టే బుల్లి విమానాలు. వాటిలో తలుపూ లేదు, గడియా లేదు. ముందు సీట్లో కూర్చున్న యజమాని భుజం పైలట్ భుజానికి రాసుకుంటూ ఉంటుంది. ఆయన నోరు తెరిచాడంటే ఇంజన్ల మోతని కూడా మించి ఆయన గొంతే వినపడుతుంది.

మాది పామర్రు. మా నాన్న చాలాకాలం వరి పండించి, ఆ తర్వాత చుట్టుపక్కల అందరిలాగే పొలం తవ్వించి చేపల చెరువు చేశారు. ఆడపిల్ల విమానం నడుపుతానంటే నవ్వకుండా, అడ్డు చెప్పకుండా పంపించారు, ఆ మాట ఒప్పుకోవాలి. మా ఇంట్లో పిల్లల్ని కొట్టేవాళ్ళు కారు. ఒక్క విషయంలో మాత్రం వీపు మోగేది. పెద్దవాళ్ళు పిలిచినప్పుడు పలక్కపోతే. లెక్కలు చేసుకుంటున్నా, స్నానం చేస్తున్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, ముందు "ఆఁ, వస్తున్నానండీ" అనాల్సిందే. నోట్లో ముద్ద ఉంది కదా అంటే, "ముద్ద మింగి పలుకు" అనేది మా అమ్మ. మా వైపు పలకనివాడు పొగరుబోతు. పాలు పొంగిపోయినా ఫరవాలేదు గానీ ఆ పేరు రాకూడదు.

నాకు విమానం నేర్పిన చోట మొదటి వారంలోనే దీనికి సరిగ్గా ఎదురు పాఠం చెప్పారు. నేల దగ్గరపడ్డాక విమానం సంగతి తప్ప ఇంకో మాట ఉండకూడదు. ఎవరు అడిగినా, ఏం అడిగినా. దిగేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. పెట్రోలు పంపులు, రెక్కల వెనక పలకలు, అన్నిటికంటే ముఖ్యంగా చక్రాలు. మా విమానాల్లో చక్రాలు గాల్లో ఉన్నంతసేపూ కడుపులోకి ముడుచుకుని ఉంటాయి. లీవర్ కిందికి నొక్కితే దిగుతాయి. మూడూ దిగి బిగుసుకున్నాక మూడు ఆకుపచ్చ లైట్లు వెలుగుతాయి. ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకుని, పైకి పలుకుతూ చూసుకోవాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆగిన చోటి నుంచి కాదు, మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. ఎందుకంటే సగంలో వదిలేసిన పని, చేసేసిన పనిలాగే గుర్తుంటుంది. కాఫీ కలుపుతుంటే ఎవరో వచ్చి పలకరిస్తారు. వాళ్ళు వెళ్ళాక గ్లాసు వైపు చూస్తే చక్కెర వేశానో లేదో తెలియదు. వేశాననే అనిపిస్తుంది. కాఫీ అయితే రుచి చూసుకోవచ్చు. విమానం విషయంలో ఆ సదుపాయం లేదు.

ఈ సంగతులన్నీ నాకంటే బాగా తెలిసిన మనిషి మా కెప్టెన్ గారు. ఆయనది కొండపల్లి. తండ్రి థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవారు. ఈయన ఎక్కడెక్కడో విమానాలు నడిపి, కుర్రాళ్ళకి నేర్పి, వయసు పైబడ్డాక సొంతగడ్డకి దగ్గర్లో ఉండొచ్చని ఒక రొయ్యల వ్యాపారి సొంత విమానానికి పైలట్‌గా చేరారు. ఆయన కింద రెండో పైలట్‌గా నన్ను పెట్టారు. పక్క నుంచి గాలి తోస్తున్నా ఆయన విమానాన్ని దించితే మంచం మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టుండేది. ఆ చేతుల్ని చూసి నేర్చుకున్నదే నాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది. మనిషి కూడా అంత మెత్తన. గేటు దగ్గర సెక్యూరిటీవాణ్ణి కూడా "ఏమండీ, బాగున్నారా" అని అడగకుండా కదిలేవారు కాదు.

ఆ రొయ్యల వ్యాపారిని అందరూ చైర్మన్ గారూ అనేవాళ్ళు. విమానం గన్నవరంలో ఉండేది. ఆయనకి డెల్టాలో చెరువుల మధ్య సొంతంగా ఒక రన్‌వే కూడా ఉంది. అక్కడ టవరూ లేదు, ఏమీ లేదు. గాలి ఎటు వీస్తోందో చూపే ఒక గాలిసంచి, ఒక రేకుల షెడ్డు, గేదెల్ని తోలడానికి ఒక వాచ్‌మన్, విమానం చూసుకోవడానికి ఒక మెకానిక్.

నా ఉద్యోగం రెండో పైలట్. నా సీటు ముందు కుడివైపు ఉండాలి. మొదటి రోజే చైర్మన్ గారు తలుపు దగ్గర నిలబడి, "నువ్వు వెనక కూర్చోమ్మా, ఏసీ బాగా వస్తుంది" అన్నారు. అని నా సీట్లో కూర్చున్నారు. ఒక్క పైలట్‌తో నడిపే అనుమతి ఉన్న విమానం కాబట్టి కాయితాల మీద అది తప్పు కాదట. కెప్టెన్ గారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా చైర్మన్ గారికి బెల్టు పెడుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి నేను జీతం తీసుకుంటూ వెనక సీట్లో ప్రయాణం చేసే పైలట్‌ని.

చైర్మన్ గారికి ఆ సీటు ఎందుకంటే, చెరువులు చూసుకోవడానికి. పైనుంచి చూస్తే కృష్ణా డెల్టా అంతా అద్దం ముక్కలు పరిచినట్టుంటుంది. ఆ ముక్కల్లో తనవేవో ఆయన వెతుక్కునేవారు. సరిగ్గా దిగడానికి ఎత్తు తగ్గించి రన్‌వే వైపు తిరిగేసరికి చెరువులు దగ్గరగా కనపడతాయి కదా, ఆయనకి హుషారు అప్పుడొచ్చేది. ఫోన్ తీసి మేనేజరుకి చేసేవారు. "ఒరేయ్, మూలచెరువులో ఏరేటర్ తిరగట్లేదేంట్రా? నేను పైనుంచి చూస్తున్నాను!" అని అరిచేవారు. నీళ్ళలో గాలి కలిపే ఆ చక్రం తిరక్కపోతే రొయ్యలు చస్తాయి, నిజమే. వెంటనే కెప్టెన్ గారి మోచెయ్యి తట్టి, "అది మన చెరువేనంటారా కెప్టెన్ గారూ, పక్కవాడిదా?" అని అడిగేవారు.

ఈయన రన్‌వే మీద నుంచి చూపు తీసి, తల తిప్పి, చెరువు చూసి, "మనదేనండీ" అని చెప్పేవారు.

చెరువు చూసి చెప్పేవారు! నాకు ఒళ్ళు మండిపోయేది. విమానం నేల వైపు జారుతోంది, ముందున్న మనిషి రొయ్యల చెరువు సరిహద్దులు తేలుస్తున్నాడు. ఒకసారి దిగాక, చైర్మన్ గారి కారు వెళ్ళిపోయాక అడిగేశాను.

"సార్, దిగేటప్పుడు మాట్లాడొద్దని ఆయనకి చెప్పండి. మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను."

"వద్దమ్మా. అన్నం పెట్టే మనిషి. అడిగితే పలక్కపోతే ఏం బాగుంటుంది?"

"మీరే కదండీ నేర్పేది, దిగేటప్పుడు పలకకూడదని?"

"అది స్టూడెంట్లకమ్మా" అన్నారు, నవ్వుతూ. "నేను పలుకుతూనే చూసుకోగలను. చేతులకి అలవాటే."

ఆ నవ్వు చూసి నాకు రోత పుట్టింది. అంత మంచి పైలట్ తన చేతులకి తానే అబద్ధం చెప్పుకోవడం చూడలేకపోయాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి చైర్మన్ గారు ఆ రన్‌వే పక్కనే కొత్త రొయ్యల ఫ్యాక్టరీకి శంకుస్థాపన పెట్టుకున్నారు. మేము హైదరాబాద్ నుంచి వస్తున్నాం. ముందు కెప్టెన్ గారూ, చైర్మన్ గారూ. వెనక నేనూ, చైర్మన్ గారి బావమరిదీ. ఉయ్యూరు దాటుతుండగా చైర్మన్ గారికి వాళ్ళ సిద్ధాంతి గారి నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. సిద్ధాంతి గారు చెప్పిందేమిటంటే, వర్జ్యం ఇంకా పోలేదు, కాబట్టి అది పోయేదాకా చైర్మన్ గారి కాలు ఆ నేల మీద పడకూడదు.

మామూలు మనిషి అయితే దిగి, విమానంలోనే కాసేపు కూర్చుంటాడు. చైర్మన్ గారు అలా అనుకోలేదు. విమానం చక్రం నేల తాకితే తన కాలు తాకినట్టేనన్నారు. సిద్ధాంతి గారు కూడా ఔనన్నారు. వాహనశాస్త్రం ఆయనకి కూడా తెలుసు కాబోలు.

అప్పటికే కెప్టెన్ గారు చక్రాలు దింపారు. ఆ చప్పుడు నేను విన్నాను. విమానం రన్‌వేకి ఎదురుగా వచ్చింది. కింద షామియానా, పూలదండలు, డప్పులు, జనం కనపడుతున్నారు.

"కెప్టెన్ గారూ, ఇంకో రౌండ్ వేయండి. వర్జ్యం పోలేదు."

"అలాగేనండీ."

వేగం పెంచి, విమానాన్ని పైకి లేపి చెరువుల మీదుగా చుట్టు తిప్పారు. చక్రాలు దిగి ఉంటే గాలి కొట్టుకుని మోత వస్తుంది, కాస్త కుదుపు కూడా ఉంటుంది. చైర్మన్ గారు మొహం చిట్లించారు. "ఏంటండీ ఈ మోత? సిద్ధాంతి గారి మాట వినపడట్లేదు."

"సారీ అండీ" అని కెప్టెన్ గారు చక్రాలు మళ్ళీ పైకి ముడిచేశారు. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే ఫ్యాన్ తగ్గించినట్టు.

నేను వెనక నుంచి ఆయన చెయ్యి చూస్తూనే ఉన్నాను. చుట్టు పూర్తయి మళ్ళీ రన్‌వే వైపు తిరిగినప్పుడు ఆ చెయ్యి లీవర్ మీదకి వెళ్తుందని ఎదురుచూశాను. చెయ్యి కదిలింది. సరిగ్గా అప్పుడే చైర్మన్ గారు, "ఇంకెంత పడుతుందండీ కింద తగలడానికి?" అని అడిగారు. ఆ చెయ్యి లీవర్ దాకా వెళ్ళలేదు. గాల్లో ఆగి, వేళ్ళు ముడిచి, "ఇంకొక్క నిమిషం అండీ" అని సైగ చేసింది. సిద్ధాంతి గారు ఫోన్‌లో, "సరిపోతుంది, సరిపోతుంది, రానివ్వండి" అంటున్నారు. చైర్మన్ గారి భుజం అడ్డొచ్చి నాకు లైట్లు కనపడటం లేదు. ఆయన కింద జనాన్ని చూడటానికి పక్కకి వాలినప్పుడు కనపడ్డాయి. ఒక్కటి కూడా వెలగలేదు.

"సార్, చక్రాలు! చక్రాలు దించలేదు!" అని అరిచాను.

చైర్మన్ గారు వెనక్కి తిరిగి, "ఏంటమ్మా?" అన్నారు.

కెప్టెన్ గారు తల తిప్పకుండానే, "ఒక్క నిమిషం అమ్మా, సార్ మాట్లాడుతున్నారు" అన్నారు.

ఈ మాట నేను కల్పించి చెప్పడం లేదు. బతికున్నంత కాలం మర్చిపోను కూడా. ఆయన ఇంజన్లు తగ్గించగానే హారన్ మోగింది. చక్రాలు లేకుండా దిగబోతున్నావురా అని చెప్పడానికే దాన్ని అక్కడ పెట్టారు, చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. కెప్టెన్ గారు ఏమన్నారో తెలుసా? "మీ ఫోనేనా సార్, మోగుతోంది?" చైర్మన్ గారు ఫోన్ తిప్పి చూసుకుని, "చార్జింగ్ అయిపోతున్నట్టుంది" అన్నారు. నేను మళ్ళీ అరిచిన అరుపు ఆ మోతలో కలిసిపోయింది. కింద జనం తువ్వాళ్ళు ఊపుతున్నారు. చైర్మన్ గారు వాళ్ళకి చెయ్యి ఊపారు. ఊపుతున్నవాళ్ళలో మా మెకానిక్ కూడా ఉన్నాడనీ, అతను ఊపింది స్వాగతానికి కాదనీ నాకు తర్వాత తెలిసింది.

విమానం కడుపుతో దిగింది. ప్రొపెల్లర్లు రన్‌వేకి తగిలి వంగిపోయిన చప్పుడు, కింద రేకు గీసుకుపోతున్న చప్పుడు, నిప్పురవ్వలు. ఎంతసేపు జారామో నాకు తెలియదు. ఆగేసరికి అన్ని వైపులా దుమ్ము, పెట్రోలు వాసన. "దిగండి, దిగండి" అని అరుస్తూ నేను వెనక తలుపు తన్ని తెరిచాను. పెట్రోలు ఎక్కడ కారుతోందో, ఎప్పుడు అంటుకుంటుందో తెలియదు.

చైర్మన్ గారు రెక్క మీదకి వచ్చి ఆగారు. పరిగెత్తలేదు. బావమరిది వైపు తిరిగి, "పోయిందిరా?" అని అడిగారు. వాడు గడియారం చూసి, "పోయింది బావా" అన్నాడు. అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టుకుని, కుడికాలు ముందు పెట్టి నేల మీదకి దిగారు. జనంలోంచి ఎవరో పరిగెత్తుకొచ్చి ఆయన మెళ్ళో దండ వేశారు. నేను పక్కకెళ్ళి గట్టు మీద వాంతి చేసుకున్నాను. భయంతో అని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను.

శంకుస్థాపన ఆగలేదు. టెంకాయ కొట్టారు. చైర్మన్ గారు మైకు ముందుకెళ్ళి, వర్జ్యం దాటాక దిగాం కాబట్టే ఈ రోజు ప్రాణాలతో మీ ముందు నిలబడ్డానన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కెప్టెన్ గారు షెడ్డు నీడలో నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. ఆయన అన్న మొదటి మాట, "దింపాను కదమ్మా. నాకు బాగా గుర్తు." నిజంగానే దింపారు. మొదటిసారి. ఆ గుర్తే ఆయన్ని ముంచింది.

విచారణకి ఇద్దరు అధికారులు వచ్చారు. వాళ్ళ ముందుకెళ్ళే రోజు పొద్దున బెజవాడలో ఒక టిఫిన్ సెంటర్‌లో కెప్టెన్ గారు నన్ను కూర్చోబెట్టి ఇడ్లీ తినిపించి అడిగిందేమిటంటే, చైర్మన్ గారి మాట రానివ్వొద్దని.

"ఆయన మాట్లాడుతున్నాడని చెప్పకమ్మా. పెద్దమనిషి. మన వల్ల ఆయనకి ఇబ్బంది ఎందుకు?"

"లైసెన్సు పోయేది మీది సార్, ఆయనది కాదు."

"తెలుసమ్మా" అన్నారు. "ఇంకో నాలుగైదేళ్ళు నడపగలను. అది కూడా లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో కూడా నాకు తెలియదు."

నాకు ఆయన మీద జాలి వేసింది. జాలి కంటే ఎక్కువ చిరాకు వేసింది. లోపలికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను, వర్జ్యంతో సహా. అధికారుల్లో ఒకాయన రాసుకోవడం ఆపి నా మొహం చూశాడు, వేళాకోళం చేస్తున్నానేమోనని. కెప్టెన్ గారిని అడిగితే, "పొరపాటు నాదేనండీ. ఎవరేం మాట్లాడారో గుర్తు లేదండీ" అన్నారట. చైర్మన్ గారు తాను కళ్ళు మూసుకుని స్తోత్రం చదువుకుంటున్నానన్నారట. చివరికి తప్పు కెప్టెన్ గారిదేనని తేల్చారు. అది అన్యాయమని నేను అనను. పక్కవాడి నోరు మూయించే అధికారం కెప్టెన్ కూర్చునే ఆ ఎడమ సీటుకి ఉంది, విమానంలో ఎక్కినవాడు ఎంతటివాడైనా సరే. ఆయన దాన్ని వాడలేదు. మర్యాద అడ్డొచ్చింది.

లైసెన్సు ఆపేశారు. గడువు తీరాక మళ్ళీ ఎగ్జామినర్ ముందు విమానం నడిపి చూపిస్తే తిరిగిస్తామన్నారు. చైర్మన్ గారు ఈయన్ని ఆ నెలలోనే తీసేసి ఇంకో పైలట్‌ని పెట్టుకున్నారు. నేను నా అంతట నేనే మానేసి ఒక ఫ్లయింగ్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి చేరాను. నా అసహ్యం అక్కడితో ఆగలేదు. ఉగాదికి కెప్టెన్ గారు చైర్మన్ గారికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పారని విన్నాను. అవతల ఆయన ఫోన్ ఎత్తలేదట. ఈయన మెసేజ్ పెట్టారట.

అయినా ఆ చేతుల్ని వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. పరీక్షకి నేను తయారు చేస్తానని చెప్పాను. స్కూల్లో ఉన్న రెండింజన్ల విమానంలోనే పరీక్ష. ముందు గదిలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆయన కళ్ళు మూసుకుని దిగేముందు చూసుకోవాల్సినవన్నీ పైకి చెప్పేవారు. నేను చైర్మన్ గారిలా మధ్యలో దూరేదాన్ని.

"కెప్టెన్ గారూ, ఆ చెరువు ఎవరిదండీ?"

పలికేవారు కాదు.

"కెప్టెన్ గారూ, మీ జీతం పెంచుదామనుకుంటున్నానండీ."

అయినా పలికేవారు కాదు. పెదవుల చివర నవ్వు మాత్రం వచ్చేది. తర్వాత గాల్లో కూడా ఇలాగే చేశాం. గన్నవరం రన్‌వే వైపు దిగుతుంటే నేను నోటికొచ్చినవన్నీ అడిగేదాన్ని, పాటలు పాడేదాన్ని, ఫోన్ మోగించేదాన్ని, ఒకసారి ఏడ్చాను కూడా. ఆయన చెయ్యి లీవర్ మీద, చూపు లైట్ల మీద, గొంతు తొణక్కుండా "చక్రాలు దిగాయి, మూడు ఆకుపచ్చ" అని చెప్పి పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించేవారు. కిందకి దిగాక, "నన్ను చంపేస్తున్నావమ్మా" అనేవారు. చాలాకాలం తర్వాత ఆయన మొహంలో కళ కనపడింది. ఇంటికి వెళ్ళేటప్పుడు యూనిఫాం ఇస్త్రీకి ఇచ్చి వెళ్ళడం మొదలుపెట్టారు.

నేను పొంగిపోయాను. నాకు తట్టని సంగతి ఒకటుంది. నేను ఆయన కూతురి వయసుదాన్ని. ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని. నా మాటకి పలకకపోవడం ఆయనకి ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ రోజు విమానంలో చక్రాలు దించలేదని అరిచినప్పుడు కూడా ఒక్క నిమిషం ఆగమన్నారే గానీ నాకు ఆయన పలకలేదు కదా.

పరీక్ష రోజు ఎగ్జామినర్ వచ్చాడు. వయసులో కెప్టెన్ గారి కంటే చిన్నవాడే, కానీ అధికారి. తెలుగువాడే, మాటని బట్టి గుంటూరు వైపు అనిపించింది. పెద్దగా మాట్లాడే రకం కాదు. స్కూలు విమానం కాబట్టి నన్ను వెనక కూర్చోనిచ్చాడు, ఒక్క మాట కూడా మాట్లాడకూడదని చెప్పి. మళ్ళీ అదే వెనక సీటు.

అంతా బ్రహ్మాండంగా నడిచింది. ఒక ఇంజన్ ఆపేసినట్టు నటించి అడిగాడు, ఈయన చక్కగా నడిపి చూపించారు. మలుపులు గీత గీసినట్టు వచ్చాయి. కొల్లేరు వైపు వెళ్ళి తిరిగి గన్నవరానికి వస్తున్నాం. ఎగ్జామినర్ కాయితం మీద ఏవేవో టిక్కులు పెట్టుకుంటున్నాడు. నేను వెనక కూర్చుని మనసులో ఆయనకి కొత్త ఉద్యోగం కూడా చూసేశాను.

రన్‌వేకి సమాంతరంగా వచ్చాక కెప్టెన్ గారు దిగేముందు చూసుకోవాల్సినవి మొదలుపెట్టారు. పంపులు అన్నారు, ముట్టుకున్నారు. పలకలు అన్నారు, ముట్టుకున్నారు. చెయ్యి చక్రాల లీవర్ మీదకి వెళ్ళింది. వేళ్ళు దాని చుట్టూ పడ్డాయి.

ఎగ్జామినర్ కాయితం లోంచి తల ఎత్తకుండానే, మామూలుగా, "మీది ఏ ఊరండీ?" అని అడిగాడు.

కెప్టెన్ గారి చెయ్యి లీవర్ వదిలేసింది. "కొండపల్లండీ" అన్నారు. "బొమ్మల కొండపల్లేనండీ. మా నాన్న గారు థర్మల్‌లో చేసేవారండీ." అధికారి అడిగితే సగం జవాబు చెప్పి ఊరుకోవడం బాగుండదు కదా. మొహంలో ఎంత సంతోషమో. రన్‌వే వైపు మలుపు తిప్పుతూ, పక్కకి చూసి, "తమరిదే ఊరండీ?" అని అడిగారు.

నేను నోరు చేత్తో మూసుకున్నాను. మాట్లాడకూడదు. మాట్లాడితే పరీక్ష అక్కడితో సరి. మాట్లాడకపోయినా ఇక్కడితో సరి. మూడు లైట్లూ చీకటిగా ఉన్నాయి.

ఎగ్జామినర్ జవాబు చెప్పలేదు. రన్‌వే ఇంకా దూరంగా ఉండగానే, చెయ్యి చాపి రెండు ఇంజన్ల థ్రాటిళ్ళూ ముందుకి తోసి, "నేను తీసుకుంటున్నాను" అన్నాడు. విమానం మళ్ళీ పైకి లేచింది. ఆ తర్వాత తనే చక్రాలు దింపి, తనే దించాడు. ఆగాక బెల్టు విప్పుకుంటూ, "కావాలనే అడిగానండీ. దిగేటప్పుడు ఎవరైనా అడ్డుపడితే ఏం చేస్తారో చూడటం నా పని" అన్నాడు. గొంతులో కోపం లేదు. కాయితం మడిచి జేబులో పెట్టుకుని ఆఫీసు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

కెప్టెన్ గారూ నేనూ బయటికి వచ్చి హైవే పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. లారీలు పోతున్నాయి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా మీద బంగారు పట్టీలు అలాగే ఉన్నాయి. ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చల్లారిపోయేదాకా తాగలేదు. ఇక ఏ విమానమూ నడపరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఏడుస్తారేమోననుకున్నాను. ఏడిస్తే ఓదార్చడానికి సిద్ధంగా కూడా ఉన్నాను.

"చూశావామ్మా ఆ అబ్బాయిని" అన్నారు చివరికి. గొంతులో నిజంగా నొచ్చుకున్న బాధ. "ఇంత పెద్దవాణ్ణి, తమరిదే ఊరండీ అని అడిగితే, కనీసం పలకలేదు. ఏం పెంపకమో."

ఔనంటానని నా వైపు చూశారు.

"ఏమ్మా?" అన్నారు. కాసేపాగి, వినపడలేదేమోనని కొంచెం గట్టిగా, "నిన్నేనమ్మా" అన్నారు.

నేను పలకలేదు.